ఎర్రగారం మానాలా?



మన ఆసుపత్రిలో చేరడానికి వచ్చేవారి సంచుల్లో దుప్పటి, చెంబు, పాత చీటీలు, మాత్రల పొట్లాలు ఉంటాయి. పల్లెల నుండి వచ్చే పెద్దవాళ్ళ సంచుల్లో వీటితో పాటు ఇంకొక వస్తువు తరచుగా కనబడుతుంది. అది గట్టిగా మూత బిగించి, గుడ్డలో చుట్టిన చిన్న స్టీలు డబ్బా. మూత తీస్తే వెల్లుల్లి వాసన గుప్పుమంటుంది. లోపల ఎర్రగారం ఉంటుంది.

కొంతకాలం క్రిందట కళ్యాణదుర్గం వైపు నుండి ఒక తాతను ఆయన కొడుకు ఆసుపత్రికి తీసుకొచ్చాడు. తాతకు రెండు కాళ్ళూ వాచి ఉన్నాయి. పడుకుంటే ఆయాసం. చాలా ఏళ్ళుగా ఉన్న బి.పి. వల్ల గుండె బలహీనపడింది. డాక్టరుగారు మందులు రాసి, ఉప్పు బాగా తగ్గించాలని చెప్పారు. వంటగది నుండి ఉప్పు లేని భోజనం వెళ్ళేది. రెండు రోజుల్లో వాపు కొంత తీసింది. మూడో రోజు బరువు చూస్తే మళ్ళీ పెరిగింది. మందులు సరిగానే వేస్తున్నాము, మరి ఎందుకు పెరిగిందో మాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం దిండు గలీబు మార్చబోయిన సిస్టరుకు దిండు క్రింద స్టీలు డబ్బా దొరికింది.

"అరవై ఏండ్లుగా తింటా ఉండాను సిస్టరమ్మా. ఇది లేకుంటే ముద్ద గొంతు దిగదు. ఏమన్నా చేయండి గానీ దీన్ని మాత్రం తీసుకోబాకండి" అన్నాడు తాత.

మేము డబ్బా తీసేసుకున్నాము. మరుసటి రోజు తాత రెండు పూటలూ అన్నం ముట్టలేదు. మేము చేసింది పొరపాటని అప్పుడు తెలిసింది. ఆ తరువాత ఏం చేశామో ఈ వ్యాసం చివర చెబుతాము. అంతకంటే ముందు, "కారం మానాలా?" అని ఓ.పి.లో ప్రతిరోజూ మమ్మల్ని అడిగే ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు చెప్పుకుందాము.

మన మెట్టనేలలో కారానికి ఎందుకంత విలువ?

మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా ప్రతి ఏడూ నమ్మకంగా కురవదు. 2022లో పాత జిల్లా అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయినా వాన తీరు మారలేదు. బోరులో నీళ్ళు లేని ఏడు కూరగాయలు ఉండవు. పశువులను అమ్ముకున్న ఏడు పాలు, మజ్జిగ ఉండవు. అటువంటప్పుడు కూడా ఇంట్లో ఉండేది ఎండుమిరపకాయలే. ఒకసారి బాగా ఎండబెట్టి దాచుకుంటే ఏడాదంతా ఉంటాయి. నాలుగు మిరపకాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఎర్రగడ్డ, కాస్త చింతపండు, ఉప్పు వేసి రోట్లో నూరితే ఎర్రగారం సిద్ధం. దానితో ఇంటిల్లిపాదీ సంగటి తినవచ్చు.

అందుకే ఎర్రగారం మనకు కేవలం నంజుడు కాదు. దోసె మీద పూస్తాము, ముద్దలోకి నంజుకుంటాము, ఉగ్గాణిలోకి, బజ్జీలోకి పెట్టుకుంటాము. చెనిక్కాయలు వేసి ఊరిబిండి చేస్తాము. పండుమిరపకాయల కాలంలో తొక్కు దంచి జాడీకి ఎత్తుతాము. బెంగుళూరుకు కూలికి పోయే పిల్లలకు, హాస్టలుకు పోయే పిల్లలకు అమ్మ ముందుగా కట్టి ఇచ్చేది కారం డబ్బానే.

ఈ ప్రేమ మనకే ఉందనుకోకండి. అమెరికాలోని లూసియానాలో 1868 నుండి టబాస్కో అనే మిరపకాయ సాసు చేస్తున్నారు. పండుమిరపకాయలు దంచి, ఉప్పు వేసి, చెక్క పీపాల్లో మూడేళ్ళ వరకు ఊరబెట్టి, వెనిగర్ కలుపుతారు. మన జాడీ తొక్కుకు అది దూరపు చుట్టమే. థాయిలాండులోని శ్రీరాచా అనే ఊరి పేరుతో ఇంకొక సాసు ప్రపంచమంతా తిరుగుతున్నది. అక్కడ కూడా ప్రయాణంలో సీసా వెంట పెట్టుకొని పోయేవారు ఉన్నారు. మన తాత డబ్బా దిండు క్రింద పెట్టుకోవడంలో వింత ఏమీ లేదు.

నిజానికి మిరపకాయ మన దేశపు పంట కాదు. అమెరికా ఖండాల్లో పుట్టి, 1500 తరువాత పోర్చుగీసు ఓడల ద్వారా మన తీరానికి చేరింది. అంతకుముందు మన పెద్దలు ఘాటు కోసం మిరియాలు వాడేవారు. ఇప్పుడు మన వైపు వంటల్లో రంగుకు కర్ణాటక బ్యాడిగి మిరప, ఘాటుకు గుంటూరు మిరప వాడుతున్నాము.

కారం నోటిని ఎలా మండిస్తుంది?

ఒక మిరపకాయను నిలువుగా చీల్చి చూడండి. లోపల గింజలు అంటుకొని ఉండే తెల్లటి మెత్తని భాగం కనబడుతుంది. కారమంతా గింజల్లో ఉందని మనం అనుకుంటాము. కానీ ఘాటునిచ్చే 'క్యాప్సైసిన్' అనే పదార్థం తయారయ్యేది ఆ తెల్లటి భాగంలో. గింజలకు ఘాటు అంటుకునేది దానిని తాకి ఉండటం వల్లనే.

మన నాలుక మీద, నోటిలో, కడుపులో, పేగుల్లో వేడిని కనిపెట్టే నరాల కొసలు ఉన్నాయి. వాటి మీద చిన్న తలుపుల వంటివి ఉంటాయి. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే ఆ తలుపులు తెరుచుకొని "కాలుతోంది" అని మెదడుకు వార్త పంపుతాయి. క్యాప్సైసిన్ కూడా సరిగ్గా అదే తలుపును తెరుస్తుంది. నోరు కాలకపోయినా మెదడు కాలిందనే అనుకుంటుంది. అందుకే చెమట పడుతుంది, ముక్కు కారుతుంది, కళ్ళలో నీళ్ళు వస్తాయి. 1997లో ఈ తలుపును గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమానం ఇచ్చారు. దానిని మరొక శాస్త్రవేత్త ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి పంచుకున్నారు.

చిలకలు మిరపకాయను హాయిగా కొరుక్కొని తినడం మీరు చూసే ఉంటారు. పక్షుల నరాల మీద ఉండే తలుపు క్యాప్సైసిన్‌కు తెరుచుకోదు. వాటికి మంటే తెలియదు.

క్యాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కాబట్టి నోరు మండినప్పుడు చెంబెడు నీళ్ళు తాగినా మంట పోదు. పాలు, పెరుగు, మజ్జిగ తీసుకుంటే త్వరగా తగ్గుతుంది. పాలలోని ఒక మాంసకృత్తి ఆ పదార్థాన్ని నాలుక మీద నుండి లాగివేస్తుంది. ముద్దలో నెయ్యి వేసుకొని కారం తినే అలవాటు కూడా ఇందుకు సరిపోయినదే.

మంట ఇష్టంగా ఎందుకు మారుతుంది?

పసిబిడ్డ ఎవరూ కారాన్ని ఇష్టపడరు. అయినా నాలుగైదేళ్ళు వచ్చేసరికి అమ్మ పళ్ళెంలోని ఎర్రగారాన్ని వేలితో నాకి, ఏడ్చి, మళ్ళీ నాకుతారు. పాల్ రోజిన్ అనే మానసిక శాస్త్రవేత్త మెక్సికోలోని ఒక పల్లెలో ఈ విషయాన్ని పరిశీలించి 1980లో రాశారు. అక్కడ ఎవరూ పిల్లలకు బలవంతంగా కారం పెట్టలేదు. పెద్దవాళ్ళు ఇష్టంగా తినడం చూసి పిల్లలే నేర్చుకున్నారు. శరీరం "ప్రమాదం" అంటుంటే మనసు "ఏమీ కాదులే" అంటుంది, ఆ తేడాలోనే ఆనందం ఉందని ఆయన వివరించారు.

ఇంకొక సంగతి ఏమిటంటే, మాటిమాటికి క్యాప్సైసిన్ తగిలిన నరాల కొసలు మొద్దుబారుతాయి. అందుకే అలవాటైన వారికి ఇంకా కారం కావాలి. ఇదే గుణాన్ని వైద్యంలో మంచికి వాడుతున్నారు. సర్పి వచ్చి తగ్గిన తరువాత మిగిలే నరాల నొప్పికి, చక్కెర జబ్బులో కాళ్ళ మంటలకు, డాక్టరు సలహాతో క్యాప్సైసిన్ కలిపిన పూత మందులు వాడతారు. ఇంట్లోని కారంపొడిని మాత్రం ఒంటికి పూయకండి. చర్మం బొబ్బలెక్కుతుంది.

కారం మీద వేసే నిందలు

"కడుపులో పుండు కారం వల్ల వచ్చింది" అని చాలామంది నమ్ముతారు. ఒకప్పుడు డాక్టర్లు కూడా అలాగే చెప్పేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు కడుపులో పుండ్లు ఉన్నవారిలో 'హెలికోబాక్టర్ పైలోరీ' అనే సూక్ష్మజీవిని కనుగొన్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ స్వయంగా ఆ సూక్ష్మజీవులను తాగి, కడుపులో వాపు తెచ్చుకొని మరీ చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది.

కడుపులో పుండుకు ముఖ్య కారణాలు రెండు. ఒకటి ఈ సూక్ష్మజీవి. పరీక్ష చేసి, సరైన యాంటిబయాటిక్ మందులు పూర్తిగా వాడితే ఇది పోతుంది. రెండోది నొప్పి మాత్రలు. చెనిక్కాయ పీకి, నడుం నొప్పితో ఇంటికొచ్చి, అంగట్లో పొట్లం కట్టించుకొని ఖాళీ కడుపున మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. పుండు పడిన తరువాత కారం తగిలితే మంట పుడుతుంది. మంట కారంది, పుండు మాత్రం వేరేదాని వల్ల వచ్చింది. కారం ఒక్కటి మానేసి మాత్రలు మింగుతూ పోతే పుండు మానదు. (గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం అడగకుండా మానవద్దు.)

అయితే కారం అందరికీ పడుతుందని మేము చెప్పడం లేదు. పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట ఉన్నవారికి, తరచుగా కడుపునొప్పి, విరేచనాలతో బాధపడేవారికి కారం ఎక్కువైతే బాధ పెరగవచ్చు. పేగుల చివర కూడా అదే నరాల తలుపులు ఉన్నందున, మలద్వారం దగ్గర చీలిక ఉన్నవారికి మంట ఎక్కువవుతుంది. ఇటువంటివారు మానేంతవరకు తగ్గించుకోవాలి. రాత్రి ఆలస్యంగా కారం తిని వెంటనే పడుకోకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. ఛాతీలో మంట రాగానే "నిన్న కారం ఎక్కువైంది, గ్యాసు పట్టింది" అనుకొని సోడా తాగి పడుకునేవారు ఉన్నారు. వారిలో కొందరికి వచ్చింది గ్యాసు కాదు, గుండెపోటు. ఛాతీలో బరువు లేక మంట, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చెమటలు పట్టడం, ఆయాసం, వాంతి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకండి. 108కి ఫోను చేసి ఆసుపత్రికి రండి. చక్కెర జబ్బు ఉన్నవారిలో, ఆడవారిలో, పెద్దవయసువారిలో నొప్పి అంతగా తెలియకపోవచ్చు కూడా. గ్యాసే అయితే సంతోషంగా ఇంటికి పంపిస్తాము. కారాన్ని నిందించుకుంటూ ఇంట్లో పోగొట్టుకున్న గంట మాత్రం తిరిగి రాదు.

చాటున ఉన్నది ఉప్పు

ఇక తాత కాళ్ళ వాపు దగ్గరకు వద్దాము. ఆయన గుండెకు చెడు చేసింది మిరపకాయ కాదు. మిరపకాయతో పాటు నూరిన ఉప్పు.

పెద్దవారు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే అన్నం, కూర, చారు, ఊరగాయ, చిరుతిండి అన్నీ కలిపి ఒక చిన్న చెంచాడు. మన ఇళ్ళ లెక్క ఒకసారి వేసి చూడండి. నలుగురున్న ఇంట్లో గిన్నెడు ఎర్రగారంలో రెండు చిన్న చెంచాల ఉప్పు, అంటే సుమారు 10 గ్రాములు వేశారనుకుందాము. ఆ గిన్నె ఒక్కరోజులో అయిపోతే మనిషికి రెండున్నర గ్రాములు ఎర్రగారంలోనే పోయింది. రోజంతటికీ సరిపోవలసిన దానిలో అది సగం.

జాడీ తొక్కులో ఇంకా ఎక్కువ. కిలో పండుమిరపకాయలకు 200 గ్రాముల ఉప్పు, 200 గ్రాముల చింతపండు వేస్తే, ఒక పెద్ద చెంచాడు (15 గ్రాముల) తొక్కులో సుమారు 2 గ్రాముల ఉప్పు ఉంటుంది. పూటకు రెండు చెంచాల చొప్పున రెండు పూటలు తింటే 8 గ్రాములు. కూరలో చిటికెడు ఉప్పు కూడా వేయకపోయినా హద్దు దాటిపోయినట్టే.

మరి నాలుకకు ఇంత ఉప్పు ఎందుకు తెలియడం లేదు? ఎందుకంటే కారం, పులుపు ముందుకొచ్చి నిలబడతాయి, ఉప్పు వాటి వెనక దాక్కుంటుంది. "నేను ఉప్పు ఎక్కువ తినను, కారమే తింటాను" అని చెప్పే రోగి అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు నిజంగానే తెలియదు.

ఉప్పు ఎక్కువైతే శరీరం నీటిని పట్టి ఉంచుతుంది. రక్తపోటు పెరుగుతుంది. గుండె బలహీనంగా ఉంటే ఆ నీరు కాళ్ళలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకే తాత బరువు ఒక్క రోజులో పెరిగింది. బి.పి. చాలామందిలో ఏ బాధా చూపించదు. ఒక్కసారిగా పక్షవాతంగానో, గుండెపోటుగానో, మూత్రపిండాల జబ్బుగానో బయటపడుతుంది.

ఇక్కడ ఒక మంచి వార్త ఉంది. చైనాలో 606 మంది పెద్దవారిని పరిశీలించి 2017లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, కారాన్ని ఎక్కువగా ఇష్టపడేవారు తక్కువ ఉప్పు తింటున్నట్లు, వారి రక్తపోటు కూడా తక్కువగా ఉన్నట్లు తేలింది. నాలుకకు కారం అందితే ఉప్పు కోరిక తగ్గవచ్చునని ఆ పరిశోధకుల అభిప్రాయం. అదే దేశంలో సుమారు 4,87,000 మందిని కొన్నేళ్ళు గమనించి 2015లో ప్రకటించిన మరొక అధ్యయనంలో, దాదాపు ప్రతిరోజూ కారపు వంటలు తినేవారిలో మరణాలు, వారానికి ఒకసారి కూడా తినని వారికంటే 14 శాతం తక్కువగా కనబడ్డాయి. ఇవి కారమే ఆయుష్షు పెంచిందని రుజువు చేయవు. కారం తినేవారి ఇతర అలవాట్లు కూడా కారణం కావచ్చు. కానీ కారం మన శత్రువు అని చెప్పడానికి ఆధారం లేదని మాత్రం తెలుస్తున్నది.

ఖాళీ పళ్ళెం

కారం చేసే రెండో మోసం ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. ఎర్రగారం ఉంటే రెండు ముద్దలు సంగటి సులువుగా దిగిపోతుంది. నోట్లో నీరు ఊరుతుంది, కడుపు నిండుతుంది. పళ్ళెంలో పప్పు లేదని, ఆకుకూర లేదని, గుడ్డు లేదని గుర్తుకే రాదు.

మన ఇళ్ళలో అందరికంటే చివర తినేది అమ్మ. అప్పటికి పప్పు అయిపోయి ఉంటుంది. అమ్మకు మిగిలేది సంగటి, కారం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ ఆడవారిలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు అనేకం. కానీ కారంతో సరిపెట్టుకునే పళ్ళెం వాటిలో ఒకటి అని మేము ఓ.పి.లో చూస్తూనే ఉన్నాము.

ఎర్రగారం పళ్ళెంలో ఒక మూలన ఉండాలి, పళ్ళెమంతా అదే కాకూడదు. ముద్ద పక్కన పప్పో, అలసందలో, ఉలవచారో ఉండనివ్వండి. దొరికిన ఆకుకూరను, మునగాకును వదలకండి. దాని మీద నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. వారంలో కొన్ని రోజులైనా గుడ్డు పెట్టండి. అందరూ ఒకేసారి కూర్చొని తింటే అమ్మ వంతు అమ్మకు దక్కుతుంది. ఈ మార్పుకు డబ్బు ఖర్చు లేదు.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

కరువు ఏడు కాయ ముదిరే సమయంలో నీరు లేకపోతే చెనిక్కాయల్లో ఒక రకం బూజు చేరుతుంది. అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కాలేయ క్యాన్సరుకు దారితీయగలదు. వేయించినా, ఉడికించినా ఈ విషం పూర్తిగా పోదు. తేమ తగిలిన ఎండుమిరపకాయల్లో కూడా ఇది ఉండవచ్చు. మంచి కాయలు అమ్మేసి, ముడుచుకుపోయిన, రంగు మారిన గింజలను ఊరిబిండికి ఉంచుకునే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. దయచేసి అలా చేయకండి. ఆ గింజలను ఏరి పారవేయండి, పశువులకు కూడా పెట్టవద్దు. మిరపకాయలను, చెనిక్కాయలను నేల తగలకుండా, బాగా ఎండిన తరువాతే నిలవచేయండి.

విడిగా అమ్మే కారంపొడి మరీ ఎర్రగా మెరుస్తుంటే అనుమానించండి. గ్లాసు నీటి మీద కొంచెం పొడి చల్లి చూడండి. వెంటనే ఎర్రటి గీతలుగా రంగు క్రిందకు దిగితే కృత్రిమ రంగు కలిపి ఉండవచ్చు. అడుగున చేరినదానిని వేళ్ళతో నలిపితే ఇసుకలా తగిలితే ఇటుకపొడి కావచ్చు. కాయలు కొని మీరే పట్టించుకోవడం అన్నిటికంటే మేలు.

కారం దంచిన చేతులు మండితే ముందు నూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో కడగండి. కంట్లో కారం పడితే నలపకుండా, శుభ్రమైన నీటితో కనీసం 15 నిమిషాలు కడిగి, చూపు మసకగా ఉన్నా, మంట తగ్గకపోయినా ఆసుపత్రికి రండి. ఉబ్బసం ఉన్నవారు మిరపకాయలు వేయించే చోట ఉండవద్దు.

తాత కారం

తాత రెండు పూటలు అన్నం ముట్టని రోజు సాయంత్రం, వంటగదిలో పనిచేసే అక్క మాకు ఒక మాట చెప్పింది. "ఆయనకు కావాల్సింది కారం కదా, ఉప్పు కాదు కదా. ఉప్పు లేకుండా నూరి పెడతాను ఉండండి" అన్నది.

ఎనిమిది బ్యాడిగి మిరపకాయలు, రెండు గుంటూరు మిరపకాయలు వేడి నీళ్ళలో నానబెట్టింది. వెల్లుల్లి రెబ్బలు మామూలుకంటే రెండింతలు తీసుకుంది. ఒక ఎర్రగడ్డను కాల్చింది. వేయించిన జీలకర్ర, గుప్పెడు పుట్నాల పప్పు, కాస్త చింతపండు వేసి మెత్తగా నూరింది. చివరగా నిమ్మకాయ పిండింది. ఉప్పు వేయలేదు.

తాత వేలితో తీసి నాలుక మీద పెట్టుకొని కొంచెంసేపు ఆలోచించాడు. "ఏదో తక్కువైంది" అన్నాడు. మళ్ళీ కొంచెం తీసుకున్నాడు. "ఘాటు మాత్రం ఉంది" అన్నాడు. ఆ రాత్రి ముద్ద మొత్తం తిన్నాడు. వాపు తగ్గి ఇంటికి వెళ్ళేరోజు ఆయన కోడలు ఆ అక్క దగ్గర కూర్చొని, ఏవి ఎన్ని వేయాలో అడిగి తెలుసుకుంది. డబ్బాను మేము తిరిగి ఇచ్చేశాము, శుభ్రంగా కడిగి.

ఉప్పు లేని కారం నిలవ ఉండదు. కాబట్టి ఏ రోజుకారోజు కొంచెమే నూరుకోవాలి. గుండె, మూత్రపిండాల జబ్బులు లేనివారు ఒక్కసారిగా ఉప్పు మానవలసిన పనిలేదు. ఈ వారం రెండు చెంచాలు వేసే చోట ఒకటిన్నర వేయండి. తరువాత ఒకటి. కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. అంగట్లో దొరికే 'తక్కువ సోడియం ఉప్పు'లో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, బి.పి., గుండె మందులు వాడేవారు డాక్టరును అడగకుండా దానిని వాడకూడదు.

గుర్తుంచుకోండి

1. కడుపులో పుండుకు ముఖ్య కారణాలు సూక్ష్మజీవి, నొప్పి మాత్రలు. కారం ఉన్న పుండును మండిస్తుంది.

2. నల్లటి మలం, రక్తపు వాంతి, మింగడం కష్టం కావడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే కారం మాని ఊరుకోకండి. వెంటనే చూపించుకోండి.

3. ఛాతీలో మంటతో పాటు చెమట, ఆయాసం ఉంటే అది గ్యాసని అనుకోకండి. 108కి ఫోను చేయండి.

4. కారంలో, తొక్కులో ఉన్న ఉప్పును కూడా లెక్కలో వేయండి. ఇంట్లో అందరికీ కలిపి రోజుకు ఎంత ఉప్పు వాడుతున్నారో ఒకసారి కొలిచి చూడండి.

5. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికి ఒకసారైనా బి.పి. చూపించుకోండి.

6. కారం పక్కన పప్పు, ఆకుకూర ఉండాలి. అమ్మ పళ్ళెంలో కూడా ఉండాలి.

ఈసారి మీరు ఆసుపత్రికి వచ్చేటప్పుడు కారం డబ్బాను దిండు క్రింద దాచవద్దు. మాకు చూపించండి. అందులో ఉప్పు ఎంత వేశారని అడుగుతాము, అంతే. మీ ఆహారం ఏమిటో మాకు నిజంగా తెలిస్తేనే మేమిచ్చే మందు పనిచేస్తుంది.